రెండో సబ్జెక్టు

నాలుంగా మోకాళ్ళ మీద కూర్చుని ముకీబి తాతను పలకరించింది. కంపాలా యూనివర్సిటీలో ఆమెది లెక్కల చదువు, చరిత్ర రెండో సబ్జెక్టు. తమ వంశంలో ఎనిమిది తరాల పేర్లు రాసివ్వకపోతే అందులో తప్పుతుంది. ఆ పేర్లన్నీ తెలిసింది తాతకొక్కడికే. ఆ సంగతంతా ఆయనకు చెప్పింది.

"మా తాతముత్తాతలు నీకు రెండోవాళ్ళా, పెళ్ళామా?" అని ముసలాయన మొహం తిప్పుకున్నాడు. మనవరాలిని పెళ్ళామా అనడం అక్కడి తాతలకు మురిపెం.

"నీకూ ఇద్దరు పెళ్ళాలే కదా, మొగుడా! పెద్దావిడ తోట చూసుకునేది. మరి కబుర్లన్నీ ఎవరితో చెప్పేవాడివి?"

అరటికాయలు చెక్కు తీస్తున్న చిన్న నాయనమ్మ ఫక్కున నవ్వింది. ముసలాయన నవ్వు ఆపుకోలేక చాప మీద జరిగి చోటిచ్చాడు.

"పుస్తకం ముయ్యి. ముందు నోటికి రావాలి. మా నాన్న పేరుతో మొదలెట్టు."

పొద్దు వాలేలోగా ఎనిమిది పేర్లూ ఆమె నాలుక మీద ఆడాయి.