మొదటి పేజీ చాలు

నవోమి ఎడమచేత్తో కాగితాన్ని అదిమిపట్టి కుడిచేత్తో మీటల పలక మీద అంకెలు కొడుతోంది. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. వేళ్ళ వంక చూడాల్సిన అవసరం ఆమెకు తెనాలి టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే తీరిపోయింది. జీతం అంకె, ఎంటర్. బ్యాంకు వడ్డీ, ఎంటర్. డివిడెండు, ఎంటర్. ఆ తర్వాత పన్ను లేని డివిడెండు అనే గడి వస్తుంది. అందులో అంకె వేయగానే కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతుంది, ఇది ఏ రాష్ట్రం బాండ్ల మీద వచ్చిందని. అడిగి ఊరుకోదు. మనిషి ఉండేది న్యూజెర్సీ కాబట్టి న్యూజెర్సీ అని జవాబు కూడా తనే రాసిపెట్టుకుంటుంది. ఎంటర్.

ఎంటర్ కొట్టేది చిటికెన వేలు. ఆ వేలు మొదటి కణుపు దగ్గర వాచి, కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. నవోమి పొట్టి మనిషి. నేత చీర మీద ముదురు నీలం స్వెటరు, కాళ్ళకు మేజోళ్ళు, మనవరాలు వదిలేసిన గులాబీరంగు బూట్లు. బోసి మెడ, దళసరి కళ్ళద్దాలు. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు అందవని కింద పాత టెలిఫోను డైరెక్టరీ వేసుకుంది.

ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల కొట్టు పైన ఉన్న రెండు గదుల టాక్సుల ఆఫీసు అది. ముందుగది యజమాని జగన్మోహన్‌ది. మెత్తని కుర్చీలు, గోడ నిండా సర్టిఫికెట్లు, వచ్చినవాళ్ళకు బాదం బర్ఫీ. వెనకగది నవోమిది. కిటికీ లేదు. పాత ఫైళ్ళ పెట్టెలు ఒకదానిమీద ఒకటి పైకప్పు దాకా ఉన్నాయి. రెండు గదుల మధ్య పలచటి చెక్క తప్ప గోడ లేదు. అవతల తుమ్మితే ఇవతల వినపడుతుంది.

బాండు ఫండు సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. రాష్ట్రాలూ ఊళ్ళూ రోడ్లకీ బళ్ళకీ అప్పులు చేస్తాయి. ఆ అప్పు పత్రాలు కొని పెట్టుకున్న ఫండు తన మదుపరులకు డివిడెండు పంచితే దానిమీద కేంద్రం పన్ను వేయదు. జనం అంతవరకూ విని సంబరపడి చెవులు మూసేసుకుంటారు. రాష్ట్రం బుద్ధి వేరు. సొంత బాండ్లయితేనే వదిలిపెడుతుంది, పక్క రాష్ట్రానివైతే పన్ను కట్టమంటుంది. కాలిఫోర్నియా ఫండు కాలిఫోర్నియాలో ఉన్నన్నాళ్ళే చుట్టం. మంచాలూ కుర్చీలతో పాటు దాన్ని కూడా న్యూజెర్సీకి తెచ్చుకుంటే ఇక్కడి రిటర్న్‌లో మామూలు వడ్డీలాగే చూపించాలి. ఇంత ముఖ్యమైన ముక్క మదుపు కంపెనీ ఏటా పంపే కాగితాల్లో మొదటి పేజీలో ఉంటుందా అంటే ఉండదు. మొదటి పేజీలో ఒక్క మొత్తం ఉంటుంది. అది ఏ ఫండుదో, ఏ రాష్ట్రానిదో ఎక్కడో వెనక పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇలా ఎందుకు రాస్తారో రాసేవాళ్ళకే తెలియాలి.

నవోమి పనిలో చేరిన కొత్తలో ఆ వెనక పేజీ తిప్పింది. తిప్పి, ముందుగదిలోకి వెళ్ళి ఇదేమిటని అడిగింది కూడా.

"నవోమి గారూ, వెనక పేజీలు తిప్పుకుంటా కూచుంటే ఏప్రిల్ గడువు కాస్తా అక్టోబర్ అయిపోద్ది. ఫస్ట్ పేజ్ చాలు. ఎంటర్ కొట్టి మూవ్ ఆన్," అన్నాడు జగన్మోహన్.

సంతకం పెట్టేది ఆయన, సర్టిఫికెట్లు ఆయనవి. ఆమె సరేనంది. అలా ఆ ఆఫీసులో అదొక పద్ధతి అయిపోయింది. ఫండు కాలిఫోర్నియాదైనా టెక్సాస్‌దైనా ఓక్ ట్రీ రోడ్డు మెట్లెక్కితే చాలు, న్యూజెర్సీది అయిపోయేది. జగన్ దగ్గర స్టేట్ రిఫండ్ బాగా వస్తుందని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. రాక ఏం చేస్తుంది!

తెనాలిలో ఆమె ఒక వకీలు దగ్గర దస్తావేజులు టైపు చేసేది. భర్త సత్యానందం కోఆపరేటివ్ బ్యాంకులో క్యాషియరు. ఆయన పోయాక కూతురు షారోన్ ఎడిసన్‌కి తీసుకొచ్చింది. కూతురు మంచిది, అల్లుడూ మంచివాడే. అయినా మే నుంచి డిసెంబరు దాకా నవోమి ఆ ఇంట్లో అమ్మమ్మ మాత్రమే. బట్టలు మడతపెడుతుంది, పిల్లల డబ్బాలు సర్దుతుంది, కారులో వెనకసీట్లో కూర్చుంటుంది. జనవరిలో టాక్సుల సీజను వచ్చిందంటే తన డబ్బా తనే సర్దుకుని పనికి బయల్దేరుతుంది. రాత్రి అన్నాల దగ్గర అల్లుడు "ఈరోజు ఆఫీస్ ఎలా ఉంది అత్తయ్యా?" అని అడుగుతాడు. మిగతా నెలల్లో ఆమె రోజు ఎలా ఉందని ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆమె ఈ కిటికీ లేని గదిని "మా ఆఫీసు" అనుకునేది. చర్చిలో అందరికీ చెప్పేది, టాక్సుల పని ఉంటే మా ఆఫీసుకు రండని.

అలా వచ్చినవాళ్ళే జూడ్, ఫెబీ దంపతులు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. ఫెబీ క్వయర్‌లో పాడుతుంది. నవోమి ఆంటీ, నవోమి ఆంటీ అని వెనకాలే తిరుగుతుంది.

మధ్యాహ్నం నవోమి పెరుగన్నం తిని డబ్బా కడిగి వచ్చేసరికి చెక్క అవతల ఫెబీ గొంతు వినపడింది. అందులో క్వయర్ తీపి ఏమీ లేదు.

"అంకుల్, లాస్ట్ ఇయర్ స్టేట్ రిటర్న్ మీద నోటీస్ వచ్చింది. మా ఫండ్‌లో ఉన్నవి న్యూజెర్సీ బాండ్సేనని ప్రూఫ్ పంపమంటున్నారు. దాని పేరులోనే కాలిఫోర్నియా ఉంది! ప్రూఫ్ ఎక్కడ్నుంచి తేవాలి? జూడ్ రాత్రంతా నిద్రపోలేదు. మాకు గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నడుస్తోంది అంకుల్."

కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఓ, ఇదా. డేటా ఎంట్రీ ఎర్రర్ అమ్మా," అన్నాడు జగన్మోహన్. "ఇవన్నీ కొట్టేది మా నవోమి గారు కదా. పెద్దావిడ, కళ్ళు సరిగ్గా ఆనవు. పోనీలే పాపం అని నేనే అడ్జస్ట్ అవుతున్నా. ఉండండి, పిలుస్తాను. నవోమి గారూ!"

నవోమి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మెత్తని కుర్చీల్లో ఫెబీ ఉంది. ఆ పక్కన ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని రామమోహన్ అనే పెద్దాయన కూర్చున్నాడు. ఆయన నిరుడు వేసవిలో కాలిఫోర్నియాలోనే ఉన్న శాంటా క్లారా నుంచి కొడుకు ఉద్యోగంతో పాటు ఇటు వచ్చాడు. జగన్మోహన్ నవ్వుతున్నాడు.

"ఒక్క సారీ చెప్పండి, అయిపోద్ది," అన్నాడు.

నవోమి నోరు తెరిచేలోపే ఫెబీ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "వందనాలు ఆంటీ. పర్లేదు. ఏజ్‌లో అలా అవుతుంది, మా అమ్మ కూడా ఇంతే. చర్చ్‌లో ఎవరితో అనొద్దని జూడ్‌కి నేను చెప్తాలే."

అది తిట్టయినా బాగుండేది. తిడితే ఎదురు చెప్పొచ్చు. జాలిపడితే ఏం చెయ్యాలి? "సారీ అమ్మా," అన్న మాట నవోమి నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడింది.

కళ్ళు ఆనవట! వకీలు దస్తావేజుల్లో ఎకరాలూ సెంట్లూ హద్దులూ కొట్టిన కళ్ళు ఇవి. ఒక్కనాడు అక్షరం పొల్లుపోయిందన్న మాట పడలేదు. చూసే కళ్ళను చూడొద్దని మూయించి, ఇప్పుడు గుడ్డిదని నలుగురిలో చెబుతాడా? ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో సగం తన మీదే అని తెలిసి ఇంకా మండింది. వద్దనగానే మానేసింది తనే కదా. వేగంగా కొడతానని పేరొస్తే మురిసిపోయింది తనే కదా.

ముందున్న ఫైలు తీసింది. రామమోహన్‌ది. జీతం లేదు. పెన్షను, ఎంటర్. బ్యాంకు వడ్డీ, ఎంటర్. పన్ను లేని డివిడెండు. అంకె వేసింది. ఏ రాష్ట్రం అని కంప్యూటరు అడిగింది, న్యూజెర్సీ అని రాసి పెట్టుకుంది. చిటికెన వేలు మీట మీద ఆగింది.

నవోమి కాగితం తిప్పింది. ఇంకో కాగితం తిప్పింది. కళ్ళద్దాలు పైకి జరుపుకుని వేలితో గీత గీతా చదువుకుంటూ పోయింది. ఉంది. ఫండు పేరు, దాని మొదట్లోనే కాలిఫోర్నియా. తల ఎత్తి పైకప్పు దాకా ఉన్న పెట్టెల వంక చూసింది. వాటిలో ఎంతమంది ఉన్నారో. వాళ్ళెవరికీ ఇంకా ఉత్తరం రాలేదు, అంతే.

ఫైలు పట్టుకుని లేచింది. ముందుగదిలో ఫెబీ ఇంకా ఉంది. సరిచేసిన రిటర్న్ పంపుదామనీ, దానికి ఫీజు తీసుకోననీ జగన్మోహన్ ఆమెకు బర్ఫీ పెట్టి మరీ చెబుతున్నాడు.

"ఫెబీ," అంది నవోమి. "వేలు నాదే. నేను కాదనను. న్యూజెర్సీ అని ఒప్పుకుంది ఈ వేలే." వాచిన చిటికెన వేలు ఎత్తి చూపింది. "నా కళ్ళు మాత్రం బాగానే ఆనతాయి. వెనక పేజీ చూడొద్దన్నది ఈయన. చూడొద్దంటే మానేశాను. అది నా తప్పు. వయసుది కాదు."

"నవోమి గారూ, లోపల మాట్లాడుకుందాం. క్లయింట్స్ ఉన్నారు."

"వాళ్ళతోనే నాకు పని." రామమోహన్ ముందుకు వెళ్ళి కాగితం తిప్పి పెట్టింది. "అయ్యా, మీదీ అక్కడ్నుంచి తెచ్చుకున్న ఫండే. ఇందాక అలాగే కొట్టేయబోయాను. దీనిమీద ఇక్కడ పన్ను పడుద్ది. ఇప్పుడే చూపించుకోండి. తర్వాత ఉత్తరం వస్తే మీకు కూడా ఎవరో ముసలిదాన్ని చూపిస్తారు."

రామమోహన్ జేబులోంచి కళ్ళద్దాలు తీసి కాగితం మీదికి వంగాడు. ఫెబీ బర్ఫీ ముక్కను బల్ల మీద పెట్టేసింది.

"అంకుల్, ఆంటీ చెప్పేది నిజమేనా?"

"ప్రాక్టికల్‌గా అందరూ చేసేది అదేనమ్మా. ఎవరు చూస్తారు ఇవన్నీ?"

"నువ్వు చూడాలయ్యా!" అంది నవోమి. ఇన్నేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "సంతకం నీది కదా, చూడాల్సింది నువ్వే. లోపల పెట్టెల్లో ఇంకా ఉన్నారు. అందరికీ ఫోన్ చెయ్యి. పక్కన కూచుని ఒక్కోటీ మళ్ళీ కొడతాను. డబ్బులు వద్దు."

జగన్మోహన్ మొహంలో నవ్వు పోయింది. "సీజన్ మధ్యలోనా? మతి పోయిందా మీకు? ఇష్టం లేకపోతే ఇంటికెళ్ళండి."

"సరే," అంది నవోమి.

కోటు వేసుకుంది. డబ్బా సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గర ఫెబీ వెంటపడింది. "ఆంటీ, నేను డ్రాప్ చేస్తాను. ఆంటీ, సారీ, నేను అలా అని ఉండకూడదు..."

"వద్దమ్మా. నువ్వెళ్ళి నీ కాగితాలు మొత్తం తీసేసుకో. వెనక పేజీలతో సహా. ఆదివారం కలుద్దాం."

కింద గాలి చల్లగా ఉంది. చీరల కొట్టు ముందు ఆడబొమ్మలు పెళ్ళి చీరలు కట్టుకుని నిలబడి ఉన్నాయి. రాత్రి అల్లుడు అడుగుతాడు, ఈరోజు ఆఫీస్ ఎలా ఉందని. ఈ ఒక్క రాత్రికీ జవాబు ఉంది. రేపట్నుంచి అడగడు. అయినా కోపం తగ్గలేదు, తగ్గకపోవడమే ఆమెకు నచ్చింది. నగల కొట్టు దాటాక గుర్తొచ్చింది, తన మీటల పలక పైన మర్చిపోయానని. మొదటి నెల జీతంతో తనే కొనుక్కుంది దాన్ని. ఒక్క క్షణం ఆగి, బస్‌స్టాప్ వైపు నడిచింది.

పైన వెనకగదిలో తెర మీద ప్రశ్న అలాగే ఉంది, పక్కన న్యూజెర్సీ అని రాసుకుని జవాబు కోసం చూస్తోంది. బల్ల మీద ఆమె అంకెల మీటల పలక ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా గుర్తులన్నీ కనపడుతూనే ఉన్నాయి. ఒక్క ఎంటర్ మీద మాత్రం రాత పూర్తిగా అరిగిపోయి, చిటికెన వేలు ఆనేంత మేర చిన్న గుంట పడి నున్నగా మెరుస్తోంది.