పలకరింపులకు అరగంట

కడియం దాకా రానూపోనూ పాతిక కిలోమీటర్లు. కిలోమీటరుకు నాలుగు నిమిషాల చొప్పున గంటా నలభై. దారిలో ఆపి పలకరించేవాళ్లు ఆరుగురు, తలా ఐదు నిమిషాలు, వెరసి అరగంట.

"ఆరింటికి బయల్దేరితే ఎనిమిదీ పదికి గుమ్మంలో ఉంటాను," అన్నారు భాస్కరం మాస్టారు. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. ఆయన్ని ఆపకుండా వదిలే వీధి రాజమండ్రిలో లేదు మరి.

భార్య అమ్మణ్ణి ఆ మాట కాగితం మీద రాయించుకుంది. గుండెకు స్టెంటు వేసి ఎనిమిది నెలలు. సైకిలు తొక్కొచ్చు గానీ నెమ్మదిగా అన్నాడు డాక్టరు. ఇన్నాళ్లూ వరండా దాటని మాస్టారికి, ఆదివారం సైకిలు క్లబ్బు వాళ్లతో రావులపాలెం వెళ్లాలని ఒకటే ఆరాటం. అందుకే ఈ పరీక్ష.

"ఆలస్యమైతే ఎక్కడో పడ్డారనుకుంటాను. ముందొస్తే జోరుగా తొక్కారనుకుంటాను. ఏదైనా సరే, సైకిలు అటకెక్కుతుంది," అని తేల్చేసి ఆవిడే కొత్త హెల్మెట్టు పెట్టి, పట్టీ బిగించి, నల్ల కళ్లజోడు తగిలించింది.

కిలోమీటరు రాయికీ రాయికీ నాలుగే నిమిషాలు. ఆయాసం లేదు. కానీ ఒక్కరూ ఆపలేదు! ధవళేశ్వరంలో పాత శిష్యుడు చినబాబు ఆయన వంక చూసి మళ్లీ పేపర్లో తల దూర్చేశాడు. ఎనిమిది నెలలకే నన్ను మర్చిపోయారా అనుకున్నారు మాస్టారు.

ఏడూ నలభైకే తమ వీధి మొదట్లో ఉన్నారు. ఎవరూ ఆపలేదంటే అమ్మణ్ణి ఛస్తే నమ్మదు. అరగంట ఎలా గడపడమా అనుకుంటూ, మందుల షాపు ముందు దిగి, చెమట తుడుచుకుందామని హెల్మెట్టు, కళ్లజోడు తీశారు.

"ఓర్నాయనో, మాస్టారండీ!" షాపు చంద్రరావు మెట్లు దూకి వచ్చాడు. "ఇందాక వెళ్లింది కూడా మీరేనా? ఎవరో కుర్రాడనుకున్నానండీ!"

మర్చిపోలేదన్న మాట! మాస్టారి ముఖం వెలిగిపోయింది. కుర్చీ వచ్చింది, టీ వచ్చింది. ఆ వెనక సగం వీధి వచ్చింది. స్టెంటు ఏ కంపెనీదో కూడా అడిగారు.

ఎనిమిదిన్నరకు అమ్మణ్ణి చెప్పులు లేకుండా పరుగున వచ్చింది. గుంపు మధ్య పగలబడి నవ్వుతున్న భర్తను చూసి ఆగిపోయింది. ఆ నవ్వు విని ఎనిమిది నెలలైంది.

"మేమే ఆపేశామండీ, హెల్మెట్టు తీశాక గానీ గుర్తుపట్టలేదు," అన్నాడు చంద్రరావు.

ఆవిడ మాస్టారి నాడి పట్టుకుని, షాపు గడియారం వంక చూస్తూ నిమిషం లెక్కపెట్టింది.

"డెబ్బై రెండు," అంది. తర్వాత పక్కనున్న హెల్మెట్టు అందుకుని ఆయన చేతిలో పెట్టింది. "ఆదివారం రావులపాలెం వెళ్లొచ్చేదాకా ఇది మాత్రం తీయకండి."