గట్టు దగ్గర ఆగిన ఆకుపచ్చ

రాఘవ అనేవాడు పుట్టకపోయి ఉంటే తన బతుకు తిన్నగా ఉండేదని తోమా కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. టీ బంకు దగ్గర చెప్పేవాడు, మిరపకోతల్లో చెప్పేవాడు, చర్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూ కూడా చెప్పేవాడు. హైటెన్షన్ లైను పోయే దారికి గుర్తు మేకులు పాతడానికి వచ్చిన కాంట్రాక్టరు మనిషి ఈ రాఘవ. వాగు వారగా పోవాల్సిన లైను, అతని బావమరిది నిమ్మతోటని తప్పించడానికి వంకర తిరిగి, తోమా అరవై సెంట్ల చేను నడినెత్తిన కూర్చుంది. ఆరో తరగతితో బడి మానేసినవాడు అర్జీ రాయలేడు, రాయించినా చదివే నాథుడు లేడు.

ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఈ మధ్య ఆ మాట చెప్పేటప్పుడు తోమా గొంతు మరీ పెద్దదవుతోంది. కడుపులో తన తప్పొకటి దాచుకున్నవాడు ఎదుటివాడి తప్పుని గట్టిగానే చెబుతాడు.

తీగలు బిగించిన ఏడాదికి, కంచె ముట్టుకుంటే చురుక్కుమంటోందని పొలాలవాళ్లంతా మొరపెట్టుకున్నారు. కొలవడానికి గుంటూరు నుంచి శరణ్య అనే అమ్మాయి వచ్చింది. తీగల చుట్టూ గాలిలో పరుచుకుని ఉండే కరెంటు బలం కంటికి కనపడదు. అది ఏ చేలో ఎంతుందో కొలిచి బొమ్మ గీయడం ఆమె పని. పది మీటర్లకొక చోట ప్లాస్టిక్ కర్ర మీద మీటరు నిలబెడితే, అంకె దానంతటదే గట్టు మీదున్న ఆమె ల్యాప్‌టాప్‌లోకి పోతుంది. గట్లన్నీ ఎరిగినవాడని తోమాని కూలికి పెట్టుకుంది.

మొదటిరోజు తోమా కర్ర పాతి పక్కనే నిలబడ్డాడు. గట్టు మీద నుంచి కేక వినపడింది.

"తోమా గారూ, ఇవతలికి రండి. మీరు పక్కనుంటే అంకె సగానికి పడిపోతోంది."

"నేను దాన్ని ముట్టుకోలేదమ్మా."

"ముట్టుకోనక్కర్లేదండీ, మీ ఒళ్లే అడ్డం. గొడుగు కింద వాన పడుతుందా? కర్ర పెట్టి అయిదు అంగలు వెనక్కి రండి. ఎక్కడైనా అదే పద్ధతి."

"ఈ ఒంటికి ఇంత పవరుందని మా ఆవిడ రెబ్కాకి చెప్పమ్మా. నమ్మదు."

సాయంత్రం ఆమె అంకెలన్నీ సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పింది. అది పొలాల పటం మీద రంగులు పూసుకుంటూ పోయింది. తక్కువైతే ఆకుపచ్చ, కాస్త హెచ్చితే పసుపు, బాగా ఎక్కువైతే ఎరుపు. తీగలు కిందికి వేలాడిన చోట కల్లంలో ఆరబోసిన మిరపకాయలా ఎర్రగా ఉంది. కొలిచినవి చుక్కలే. చుక్కకీ చుక్కకీ మధ్య కూడా రంగు నిండిపోయింది.

"కొలవని చోటు దానికెలా తెలుసమ్మా?"

"తెలీదండీ. చుట్టుపక్కల అంకెలు చూసి ఊహిస్తుంది. మనం ఇచ్చింది నిజమైతే దాని ఊహా నిజమే అవుతుంది."

తోమా ఆ మాట నెమరేసుకుంటూ ఇంటికి పోయాడు.

అప్పటికే పొదిలి మిరపకాయల వ్యాపారి కరీముల్లా తోమా చేను అడుగుతున్నాడు. తోమాకి సాగర్ కాలువ కింద మాగాణి ముక్క ఇంకొకటి ఉన్నా, అతని కన్ను మాత్రం ఈ రోడ్డు పక్క చేను మీదే. కల్లానికీ షెడ్డుకీ బాగుంటుంది. మూడోరోజు పొద్దున టీ బంకు దగ్గర తేల్చేశాడు. "తోమా, బొమ్మలో ఎరుపు రాకపోతే తీసుకుంటా. ఎరుపొస్తే మాత్రం నా గడప తొక్కమాక."

ఆరోజు కొలవాల్సింది తోమా చేనే. శరణ్య కూర్చున్న గట్టుకీ చేనుకీ మధ్య సుబాబుల్ తోట అడ్డం. తోమా కర్ర పాతాడు. నెత్తిన తీగలు తేనెపట్టులా రొద పెడుతున్నాయి. అయిదు అంగలు వెనక్కి వెయ్యాలి. వెయ్యలేదు. చలికి వణికే బిడ్డని పొదువుకున్నట్టు మీటరుని ఒంటికి ఆనించుకుని నిలబడ్డాడు. ఒక చోట కాదు, ఇరవై నాలుగు చోట్ల. రాఘవ నన్ను ముంచాడు, నేను ఒడ్డుకొస్తున్నానంతే, అని ప్రతి చోటా అనుకున్నాడు. గట్టు దాటి పక్క చేలోకి పోగానే మళ్లీ బుద్ధిగా వెనక్కి నడిచాడు.

బొమ్మని గ్రామ సచివాలయం గోడకి అంటించారు. ఎరుపున్న చోట ఇనుప రేకులు వేస్తే వాటి నుంచి విధిగా భూమిలోకి ఎర్త్ తీగ దింపాలని కింద రాసి ఉంది. తోమా చేను ఆకుపచ్చగా ఉంది. కరీముల్లా కొన్నాడు. జామాయిల్ కర్రల మీద రేకుల షెడ్డు లేపాడు. ఆకుపచ్చకి ఎర్త్ ఎందుకని దింపలేదు. చేతికొచ్చింది తోమా పాత బాకీలకి సరిపోయింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. కల్లంలో కాయ ఆరబోసి ఉంది. తోమా కోతల ముఠాలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న వెంకటరావమ్మ, రేకు అంచుకి టార్పాలిన్ పట్టా కట్టడానికి డ్రమ్మెక్కింది. రేకు మీద చెయ్యి వేసీ వెయ్యగానే కెవ్వుమని, సిమెంటు గచ్చు మీద పక్కకి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆటోలో తల తోమా ఒళ్లో పెట్టుకుని ఒకటే మాట చెప్పింది.

"రేకు తేలు కుట్టినట్టు కుట్టింది తోమన్నా. చెయ్యి లాక్కునేసరికి కాలు కింద డ్రమ్ము లేదు."

"మాట్లాడమాకమ్మా," అన్నాడు తోమా.

ఏప్రిల్ మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం వరసలో వచ్చింది. ఒప్పుకోని తప్పు ఉన్నవాడు తినకూడని రొట్టె అది. తోమా ముట్టుకోకుండా పక్కకి పోనిచ్చాడు. ఇంటికొస్తూ రెబ్కా అడిగింది.

"పళ్లెం నీ ముందు నుంచే పోయింది. నిద్రపోయావా?"

"పన్ను సలుపుతోంది."

"పంటినొప్పికి బల్ల మానేసినవాణ్ణి నిన్నే చూశాను."

మే నెలలోనూ పళ్లెం అలాగే పోయింది. ఈసారి రెబ్కా నాలుగు అడుగులు ముందే ఇంటికి నడిచింది.

ఊరు ఊరంతా శరణ్య మీద పడింది. ఏసీలో కూర్చుని రంగులు పూసిందన్నారు. ఆమె మీద విచారణ వేశారని, ఉద్యోగం ఉండేట్టు లేదని కబురొచ్చింది. ఆ వారమే ఆమె మళ్లీ మీటరు పట్టుకుని వచ్చి తోమా గుమ్మం ముందు నిలబడింది.

"మళ్లీ కొలవాలి తోమా గారూ. మీరైతే పద్ధతి తెలిసినవారు."

పద్ధతి అన్న మాట అతనికి రేకు మీద చెయ్యి పడ్డట్టు తగిలింది. వెళ్లాడు. తను అమ్మిన చేలో షెడ్డు వదిలేసి మిగిలినదంతా కొలిచారు. ప్రతి చోటా అయిదు అంగలు లెక్కపెట్టి మరీ వెనక్కి నడిచాడు.

కరీముల్లా కూడా వచ్చి చూస్తుండగా, శరణ్య రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. కొత్తదాంట్లో తీగల కింద ఎర్రటి చార ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా పోయింది. పాతదాంట్లో అదే చార నడుమ తోమా చేను ఆకుపచ్చగా ఉంది.

"అప్పట్లో సుబాబుల్ వల్లేమో అనుకున్నానండీ, చెట్లు కూడా అడ్డుకుంటాయి కాబట్టి. కానీ ఈ ఆకుపచ్చ చూడండి. ఈ గట్టు దగ్గర మొదలై ఆ గట్టు దగ్గర ఆగింది. కరెంటుకి గట్లు తెలీవు కదా." ఆమె గొంతు తగ్గింది. "మీటరు బాగానే ఉందని ల్యాబులో తేల్చారు. ఇక తప్పు నాదనే రాసిస్తాను."

తోమా తెర వంక చూశాడు. తాత ఇచ్చిన చేను. పట్టాదారు పాసుపుస్తకంలో కూడా అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. ఊరుకుంటే చాలు, ఆ పిల్ల సంతకం పెట్టి పోతుంది.

"నువ్వేం రాయమాకమ్మా," అన్నాడు. "నేను వెనక్కి రాలేదు."

"ఎక్కడ?"

"నా చేలో. ఇరవై నాలుగు చోట్లా. నువ్వు చెప్పిన గొడుగు నేనే."

కరీముల్లా తలపాగా తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నువ్వు రాఘవని తిడుతుంటే పక్కన కూర్చుని నేనూ తిట్టాను కదయ్యా ఇన్నాళ్లూ. టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను."

శరణ్య ల్యాప్‌టాప్ మూసింది. "ఆవిడకి ఎవరు చెబుతారు? మీరా, నేనా?"

"నేనే."

వెంకటరావమ్మ వసారాలో మంచం మీద ఉంది. తోమా కింద కూర్చుని అంతా చెప్పాడు. దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. ఆమె తల అతని వైపు తిప్పింది.

"రాఘవ నీ చేను మీదుగా తీగ లాగాడు. నువ్వు నా మీదుగా లాగావు తోమా," అంది. ఇరవై ఏళ్లలో అన్నా అనకుండా పిలవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత తోమా రాఘవ ఊసెత్తలేదు. ఒకరోజు రాఘవే బండి ఆపి పలకరిస్తే తల దించుకుని పోయాడు. తీగల కింద చేను వెనక్కి తీసుకుని, సాగర్ కాలువ కింద తనకున్న మంచి మాగాణిలోంచి అరవై సెంట్లు కరీముల్లాకి రాసిచ్చాడు. మిగిలిన యాభై రెండు సెంట్లు అమ్మిన డబ్బు వెంకటరావమ్మ తుంటి ఆపరేషనుకీ, ఆమె ఇక మీదట ముఠాలోకి రాలేనందుకూ పోయింది. రిజిస్ట్రారాఫీసులో గుమస్తా రాసిచ్చేది మొత్తం ఎంతయ్యా అని అడిగితే తోమా తనే నోరు తెరిచి చెప్పాడు.

"ఎకరా పన్నెండు సెంట్లండీ."