పదిహేడో ప్రశ్న

మా హోమ్ హాల్లో గోడకు అద్దం కట్టించిన సర్టిఫికెట్టు ఒకటి వేలాడుతుంటుంది. వృద్ధుల సంరక్షణలో ఉత్తమ శ్రేణి అని దాని మీద రాసి ఉంటుంది. కింద సంతకం నాది. ఇలాంటి హోములను తనిఖీ చేసే ఉద్యోగం ఇరవై రెండేళ్ళు వెలగబెట్టాను. పోయిన ఏడాది పక్షవాతంతో నా కాళ్ళు పడిపోయాక, మా అమ్మాయి నాలుగు చోట్లు తిరిగి, చివరికి ఈ హాల్లో ఆ సంతకం చూసి నన్ను ఇక్కడే చేర్పించింది. "నువ్వే మంచిదన్నావు కదా నాన్నా, ఇంకెవర్ని అడగాలి?" అంది. దాన్ని ఏమని తప్పుపట్టను?

నా గదిలో రెండో మంచం టైలరుది. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. నన్ను ఏడిపించడం ఆయనకు కాలక్షేపం. టీ నీళ్ళలా ఉంటే చాలు, ఇది కూడా మీరు పాస్ చేసిందేనా ఆఫీసరుగారూ అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత నవ్వొచ్చేది. ఆ తర్వాత అదీ రాలేదు.

ఆయన రెండు నెలల కిందట బాత్‌రూముకు వెళ్తూ పడ్డాడు. తుంటి ఎముక చిట్లింది. ఒంటరిగా అడుగు వేయొద్దని, మళ్ళీ పడితే మనిషి దక్కడం కష్టమని డాక్టరు తేల్చి చెప్పాడు. బెల్లు నొక్కాలి, ఆయమ్మ రావాలి, పట్టుకుని తీసుకెళ్ళాలి. వినడానికి బాగానే ఉంది. కానీ మధ్యాహ్నాలు ముప్పై ఎనిమిది మంచాలకు ఇద్దరే ఆయమ్మలు. వాళ్ళు మాత్రం ఎన్ని చోట్ల ఉంటారు? బెల్లు మోగీ మోగీ ఎవరి చెవికీ ఎక్కడం మానేసింది. టైలరుకు పక్క తడుపుకోవడమంటే ప్రాణం పోయినంత పని. అరగంట ఓర్చుకుని, గోడ పట్టుకుని తనే బయల్దేరేవాడు. వద్దు వద్దని నేను మంచంలోంచి అరిచేవాణ్ణి.

అప్పుడు నాలో పాత ఆఫీసరు లేచాడు. క్యాలెండరు వెనక రాయడం మొదలుపెట్టాను. బెల్లు నొక్కిన టైము ఒక పక్క, మనిషి వచ్చిన టైము ఒక పక్క. ఇరవై ఏడు నిమిషాలు. నలభై. ఒకరోజు గంటా పది. తనిఖీ ఎప్పుడో నాకు తెలుసు, వారం ముందే నోటీసు వచ్చింది. ముందుగా నోటీసు ఇవ్వడం మర్యాద అని ఆ నిబంధన పెట్టించిందీ నేనే.

ఆ రోజు పొద్దుటికల్లా ఆయమ్మలు ఆరుగురయ్యారు. నలుగురి మొహాలు నేనెన్నడూ చూడలేదు. తనిఖీకి వచ్చింది నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే, ఇప్పుడు తల నెరిసింది. నన్ను చూసి నొచ్చుకున్నాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్యాలెండరు చేతిలో పెట్టాను. ఆసాంతం చదివాడు. నాకు కడుపు నిండిపోయింది.

హోము నడిపే మేట్రన్ నెమ్మదిగా నా ఫైలు తెరిచి వాడి ముందుంచింది. అందులో నా మతి స్థిమితంగా లేదని ఉంది. తాను ఆఫీసరునంటాడు, వంటగది చూపించమంటాడు, రోజంతా టైములు రాస్తుంటాడు అని కారణాలు. కింద డాక్టరు సంతకం.

"నేను ఆఫీసరునే కదరా, నీకు తెలీదా?" అన్నాను.

"నాకు తెలుసు సార్. కానీ ఫైల్లో ఇలా ఉన్నవాళ్ళ ఫిర్యాదు లెక్కలోకి తీసుకోకూడదని మీరే పెట్టారు కదా."

నిజమే, పెట్టాను. లేనిపోని ఫిర్యాదులతో టైము వృథా అవుతోందని ఒక మధ్యాహ్నం కూర్చుని రాసిపారేశాను.

వాడు ఫారం తీశాడు. అదీ నేను తయారుచేసిందే. పదిహేడో ప్రశ్న: ప్రతి మంచం దగ్గరా బెల్లు ఉన్నదా, మోగుతున్నదా? వాడు టైలరు బెల్లు నొక్కాడు. మోగింది. అర నిమిషంలో కొత్త ఆయమ్మ ఒకామె పరుగున వచ్చింది. వాడు టిక్కు పెట్టుకుని, నా చెయ్యి నొక్కి, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోండి సార్ అని వెళ్ళిపోయాడు. ఎవరైనా వస్తున్నారా అనే ప్రశ్న ఆ ఫారంలో లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఇద్దరే ఆయమ్మలు. రెండూ పదికి టైలరు బెల్లు నొక్కాడు. రెండున్నర దాటింది. నేనూ నా బెల్లు నొక్కి పట్టుకున్నాను. రెండూ కలిసి మోగుతున్నాయి. ఆయన కాళ్ళు కిందికి దించాడు. అయిదు నిమిషాలు ఆగమన్నాను, బతిమాలాను.

"మీ బెల్లు బాగానే మోగుతోంది ఆఫీసరుగారూ," అని నవ్వి లేచాడు.

మూడో అడుగులో పడ్డాడు. తల తలుపు అంచుకు కొట్టుకుంది. నేను అరిచాను, గొంతు పోయేదాకా అరిచాను. గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయాను. మూడు పదకొండుకు ఆయమ్మ వచ్చింది. కిందకు వంగి చూసి గుండెలు బాదుకుంది. టైలరు అప్పటికే చల్లబడ్డాడు.

"కళ్ళెదుటే పడిపోతుంటే, మీరైనా బెల్లు కొట్టొచ్చు కదా తాతగారూ," అంది.

నా వేలు ఇంకా దాని మీదే ఉంది.