సొన పుండ్లు

హరిత పిల్ల తలకి కొబ్బరినూనె పట్టించి, పొలుసులు మెత్తబడ్డాక దువ్వెనతో మెల్లగా తీస్తోంది. ఏడాదిన్నర వయసున్న నిఖిత ఏడవడం మానేసింది. దువ్వెన పుండు మీదికి వచ్చే లోపే తల పక్కకి వాల్చేస్తోంది.

"మామిడి సొన చేతుల్తో పిల్లని ఎత్తుకుంటే పుండ్లు పడక ఏమవుతుంది," అంది అత్తగారు వసారాలోంచి.

నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ఇల్లది. సీజన్లో తొడిమలు తుంచేది, సొన కారిన కాయలు కడిగేది, కూలీలకి అన్నం వండేది హరితే. లాభం వస్తే భర్త శ్రీధర్ తెలివి, పిల్లకి పుండ్లు వస్తే హరిత చేతులు. ఆ మాట ఆమె కూడా నమ్మింది. చింతపండు పెట్టి చేతులు తోలు ఊడేలా తోముకునేది. పాలిచ్చేటప్పుడు పిల్ల తలకీ తన చేతికీ మధ్య గుడ్డ వేసుకునేది.

కాయలైపోయాయి. గోదాముకి తాళం పడింది. పుండ్లు మాత్రం తగ్గలేదు. చెవి కారడం మొదలైంది, పుర్రె మీద మెత్తటి బొడిపె లేచింది.

"ఇప్పుడు కాయల్లేవు కదా అత్తయ్యా, సొనెక్కడిది?"

"నీ ఒంట్లోకి దిగి ఉంటుంది."

డాక్టరుకి చూపిద్దామంటే శ్రీధర్ నవ్వాడు. "డాక్టరు పేరు చెప్తే చాలు, పుట్టింటికెళ్లినట్టు బయల్దేరతావు."

చెప్పకుండానే బయల్దేరింది. విజయవాడలో పిల్లల డాక్టరమ్మ చర్మం ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం చెప్పే రోజున శ్రీధర్ కూడా వచ్చాడు.

"లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అంటారండీ. చాలా అరుదు. ఒంట్లోని కణాలే అదుపు తప్పి పెరిగి చర్మాన్నీ ఎముకల్నీ తినేస్తాయి. కీమో ఇవ్వాలి."

"మా ఆవిడ కాయల పని చేస్తుందండీ. ఆ సొన వల్లేనా?"

"కాదండీ. ఎవరి చేతుల వల్లా రాదు. కాస్త ముందు తీసుకురావాల్సింది. లివర్‌కి కూడా పాకింది."

శ్రీధర్ భార్య వైపు తిరిగాడు. "విన్నావా? ముందే గట్టిగా చెప్పొద్దూ?"

ఆమెకి ఏడుపు రాలేదు. పిల్లని ముట్టుకోవడానికి భయపడుతూ గడిపిన రోజులే కళ్లముందు తిరిగాయి. ఇంకెన్ని రోజులున్నాయో డాక్టరమ్మని అడగబోయి, ఆవిడ మొహం చూసి, పిల్ల తలని గుడ్డ లేకుండానే అరచేతిలోకి తీసుకుంది.

"వారం వారం రావాలా అండీ?" శ్రీధర్ గొంతు తగ్గించాడు. "ఇంట్లో అమ్మ ఒక్కతే ఎలా చేసుకుంటుంది?"

హరిత పిల్లని భుజాన వేసుకుని లేచింది. "డాక్టరుగారూ, ఈ చుట్టుపక్కల గది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. పిల్లా నేనూ ఇక్కడే ఉంటాం. ఇకమీద పిల్ల సంగతి నాకే చెప్పండి. ఆయనకి నేను కబురు చేస్తాను."