కమిటీకి వడలు

...అయినా తన మీద తీర్పు చెప్పబోయే వాళ్లకు తానే వడలు కాల్చిపెట్టడం ఏమిటి అనుకుంది మోహన, పిండి ముద్దను తడి చేత్తో తట్టి నడుమ చిల్లు పెడుతూ. అనుకున్న మరుక్షణం ఆ ఆలోచనకు తానే బెదిరి, ఎవరైనా విన్నారేమోనన్నట్టు వెనక్కి చూసింది. ఎవరూ లేరు. నూనె మాత్రం సలసల కాగుతోంది.

యూనివర్సిటీలో వాళ్ల సైకాలజీ డిపార్ట్‌మెంటుకు అదొక ఆచారం. ఎక్కడా రాసిలేదు, ఎవరూ తప్పరు. పీహెచ్‌డీ చేసేవాళ్ల ప్రగతి చూడ్డానికి కమిటీ కూర్చున్న రోజున, ఎవరి ప్రగతి చూస్తారో వాళ్లే టిఫిన్ తేవాలి. మగపిల్లలు హోటల్ పొట్లాలు తెస్తారు, ఆడవాళ్లు ఇంట్లో చేసుకుని మోసుకొస్తారు. ముందు తింటారు, తర్వాత అడుగుతారు. పోయినసారి ఆమె ఉద్దివడలు, ఊరిబిండి పచ్చడి తిని, గైడు ప్రతాప్ సార్ మోహన చెయ్యే చెయ్యి అని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే ఆమె ప్రగతి సంతృప్తికరంగా లేదని కాగితం చేతికిచ్చారు. ఈసారీ అదే మాట వస్తే ప్రొబేషన్. ఆరు నెలల గడువు. అందులోనూ తేలకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె తనదని చెప్పుకోగలిగింది ఆ చదువొక్కటే.

అత్త పంకజాక్షి వంటింటి గడపలోకొచ్చి నిలబడింది. పళ్లెంలోంచి ఒక వడ విరిచి పక్కన పెట్టబోతున్న మోహన చెయ్యి చూసింది.

“ఏమ్మే, నోట్లో ఏసుకుంటావా ఏమి? పెట్టాల్సినోళ్లకు పెట్టకముందే సేసిన మనిషి తింటే అంతా ఎంగిలే.”

“ఉప్పు చూద్దామని అత్తా.”

“తిన్నోళ్లు సెప్తారు లే ఉప్పు సంగతి.”

ఆ ఇంట్లో అంతే. వండిన మనిషి రుచి చూడదు. సాంబారు పొయ్యి దిగుతుంది, పంక్తి కూర్చుంటుంది, అప్పుడు తెలుస్తుంది ఉప్పు సాలలేదనో, పులుపెక్కిందనో. మోహన చాలాసార్లు ఆలోచించింది ఈ సంగతి. చదివిన చదువు అలాంటిది, చేయి తిరగలి తిప్పుతున్నా మనసు మనసునే చూస్తూ ఉంటుంది. ఎప్పుడూ ఇంకొకరి నాలుక మీద తన ఉప్పు తూచుకునే మనిషికి, కొన్నాళ్లకు సొంత నాలుక మీద నమ్మకం పోతుంది. బయటి కమిటీ లేచి వెళ్లిపోయినా లోపల ఒకటి కూర్చునే ఉంటుంది. ఆ లోపలి కమిటీకి సెలవుల్లేవు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా అడుగుతుంది, నీకు ఇది తగునా అని. ఇద్దరు పిల్లలకూ జ్వరం లేని రోజున పుస్తకం తెరిస్తే అడుగుతుంది, ఇంట్లో పనేమీ లేదా అని. పుట్టింట్లో పిల్లగా ఉన్నప్పుడు ఆ గొంతు లేదు. ఎవరు తెచ్చి లోపల కూర్చోబెట్టారో, ఎప్పుడో, ఆమెకు గుర్తు లేదు.

కరెంటాఫీసుకు బయల్దేరుతూ భర్త ఢిల్లీబాబు హెల్మెట్ పెట్టుకుంటూనే సలహా చెప్పాడు. చెడ్డవాడేం కాదు, కానీ అతని మంచితనమంతా సర్దుకుపోవడంలోనే ఉంది.

“ఇంట్లో ఇబ్బందులున్నాయని చెప్పు, ముగిసిపోతాది. సారు కూడా అట్లే చెప్పమన్నాడు కదా. పెద్దోళ్లతో పంతమెందుకు? వచ్చేటప్పుడు పిల్లలకు రబ్బర్లు తెచ్చేసేయ్.”

వడమాలపేటలో బస్సెక్కి స్టీలు క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది. మూత సందుల్లోంచి మిరియాలు, కరివేపాకు వాసన. పొద్దున కాఫీ తప్ప ఏమీ తినలేదు, కడుపు కరకరలాడుతోంది. తన ఒళ్లోని తిండి తాను తినకూడదు. నిన్న ప్రతాప్ సార్ ఫోన్‌లో ఎంత మెత్తగా మాట్లాడారో గుర్తొచ్చింది. కుటుంబ కారణాలని చెప్పమ్మా, లేడీస్ కదా, కమిటీ అర్థం చేసుకుంటుంది, మిగతాది నేను చూసుకుంటాను అన్నారు. ఆ మెత్తదనం ఆమెకు బాగా తెలుసు. పోయిన కార్తీకంలో సార్ వాళ్లమ్మ నాగులమ్మ గారు బాత్‌రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడూ అంతే మెత్తగా అడిగారు. నీ పుట్టిల్లు పుత్తూరే కదమ్మా, ఎముకలకు కట్టు కట్టేవాళ్లు నీకు తెలిసే ఉంటారు, కొంచెం అమ్మను తీసుకెళ్లి రా అని. కొంచెం అన్నది చలికాలమంతా సాగింది. వారం వారం పెద్దామెను కారెక్కించుకుని పుత్తూరు పోవడం, క్యూలో కూర్చోవడం, ఆకుపసరు పూసి కొత్త కట్టు కడుతుంటే ఆమె తలను తన భుజానికి ఆనించి పట్టుకోవడం. సార్ భార్యకు బ్యాంకులో సెలవు దొరకదట. కట్టు విప్పేసరికి దూరవిద్య పరీక్షల జవాబు పేపర్లు కట్టలు కట్టలుగా వచ్చాయి. సార్ దిద్దాల్సినవి. రేణిగుంట ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల అపరాధ భావన మీద ఆమె రాయాల్సిన అధ్యాయం అట్లే ఉండిపోయింది. ఎంతసేపూ తప్పు చేసినట్టే ఉంటాదని ఆ ఆడవాళ్లు చెప్పిన మాటలు రికార్డు చేసుకొచ్చి, వినే తీరిక లేక, అందుకు తానే తప్పు చేసినట్టు కుమిలింది.

కమిటీ గదిలో ముగ్గురున్నారు. నడుమ డీన్ జయరావు గారు, ఒకవైపు ప్రతాప్ సార్, ఇంకోవైపు వేరే డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన జ్ఞానాంబ మేడం. మోహన క్యారియర్ బల్ల మీద పెట్టింది. ప్రతాప్ సార్ నవ్వుతూ ప్లేట్లు బీరువాలో ఉన్నాయమ్మా అన్నారు. మోహన కదల్లేదు. డీన్ గారికి ఇంకో మీటింగు ఉందట, తినడం తర్వాత, ముందు మాట్లాడుకుందామని ఫైలు తెరిచారు. ఒక్క అధ్యాయం కూడా ముందుకు జరగలేదే, కారణమేమిటని అడిగారు.

ఆమె నోరు తెరవకముందే ప్రతాప్ సార్ అందుకున్నారు. “కుటుంబ కారణాలు సార్. పెద్ద సంసారం, పాపం. అమ్మాయి మంచిది, తెలివైంది. ప్రొబేషన్‌లో పెడదాం, జాగ్రత్తగా ఉంటుంది.”

“మేమూ పిల్లల్ని సాక్కుంటానే చేసినాం కదమ్మా” అంది జ్ఞానాంబ మేడం, కటువుగా కాదు, అలసటగా.

లోపలి కమిటీ వెంటనే కూర్చుంది. తల ఊపు, అంది. ఒక్క ఊపుతో అందరూ వడలు తినొచ్చు. గైడును కాదంటే రేపు ఇంకెవరు తీసుకుంటారు నిన్ను? మోహన ఆ గొంతును ఈసారి తెలియనిదాన్ని విన్నట్టు విన్నది. అందులో అత్త ఉంది, ఢిల్లీబాబు ఉన్నాడు, ప్రతాప్ సార్ మెత్తదనం ఉంది. వెతికితే, తాను లేదు.

“కుటుంబ కారణాలే సార్” అంది. “కానీ అది మా కుటుంబం కాదు. ప్రతాప్ సార్ కుటుంబం.”

పుత్తూరు కట్టు గురించి చెప్పింది, పేపర్ల కట్టల గురించి చెప్పింది. ఏడవకుండా చెప్పగలిగింది. అభిమానంతో చేసిన సాయాన్ని ఇట్లా అంటావనుకోలేదమ్మా అన్నారు ప్రతాప్ సార్, ముఖం ఎర్రబడి. డీన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. జ్ఞానాంబ మేడం మాత్రం ముందుకు వంగి, ఆ పేపర్ల మీద మార్కులేసింది నువ్వేనా అని అడిగింది.

“నేనే మేడం. సంతకాలు సార్‌వి.”

తర్వాత మోహన డీన్ గారి వైపు తిరిగింది. “ప్రొబేషన్ పెట్టండి సార్, అధ్యాయం రాయని మాట నిజమే. ఆరు నెలల్లో రాసిస్తాను. కారణం మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈ ఆరు నెలలూ నేను ఎవరి కట్టుకూ పోను, ఎవరి పేపర్లూ దిద్దను. గైడును మార్చాల్సొస్తే దానికీ అర్జీ పెడతాను.”

డీన్ గారు కళ్లజోడు పెట్టుకుని, కలం మూత తీశారు, ఇంకా రాయలేదు. ప్రగతి చూపించుకునేవాళ్లు నిలబడే మాట్లాడాలి ఆ గదిలో. మోహన ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. క్యారియర్ దగ్గరికి జరుపుకుని మూత తీసింది. వాళ్లు ముగ్గురూ చూస్తూ ఉండగానే, ఎవరికీ వడ్డించకముందే, పై గిన్నెలోంచి ఒక వడ తీసుకుని కొరికింది.

ఉప్పు సరిగ్గా ఉంది.