కింద పడ్డ సిపాయి మొహం

మా ఆయన రాఘవేందర్ యుద్ధాలు వేసి బతుకుతాడు. నవ్వకండి, నిజమే. పాత యుద్ధచిత్రాలను చూసి అచ్చం అలాగే చేత్తో వేసి హోటళ్ళకూ పెద్దిళ్ళకూ అమ్ముతాడు. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో మాది కిరాయి ఇల్లు. అందులో మంచం వేసుకోను చోటుండదు గానీ ఏనుగులకూ ఫిరంగులకూ మాత్రం బోలెడంత చోటు.

కొనేవాళ్ళు ఫోన్‌లో పంపే ఫోటోల్లో రాజులూ గుర్రాలూ బాగానే కనబడతాయి. కింద చచ్చిపడ్డ సిపాయిల మొహాలే, పెద్దవి చేసి చూస్తే వట్టి మచ్చలు. అక్కడ ఈయన తనకు తెలిసిన మొహాలు పెట్టేస్తాడు. మొదట్లో నేనూ పడీపడీ నవ్వేదాన్ని. కిరాయి పెంచాడన్న కోపంతో ఇంటి ఓనరును ఏనుగు కాళ్ళ కింద వేయించింది నేనే.

ఆ నవ్వు నారాయణగూడ చౌరస్తాలో చాయ్ అమ్మే పీరయ్యతోనే పోయింది. బొమ్మలో అతను గుర్రం కింద నలిగాడు. ఆ బొమ్మ అమ్ముడైన కొన్నాళ్ళకే లారీ కింద పడ్డాడు. తర్వాత లైబ్రరీ వాచ్‌మన్ బాలప్ప. నిక్షేపంలా తిరిగే మనిషి నిద్రలోనే పోయాడు. అతన్నీ వేశాడు మరి! నేను మొత్తుకుంటే ఈయన కొట్టిపారేశాడు.

"వట్టి రంగేనే అంబికా. రంగు మనుషుల్ని సంపుతదా? నీకు పిచ్చి గిట్ల లేసిందా?"

ఇవాళ మధ్యాహ్నం అన్నానికి పిలుద్దామని ఈయన బొమ్మలు వేసే గదిలోకి వెళ్ళాను. శ్రీరంగపట్నం కోట యుద్ధం పూర్తయి గోడకు ఆనించి ఉంది. సాయంత్రం హోటల్ వాళ్ళు బండి పంపుతామన్నారు. ఊరికే అటు చూశాను. కోటగోడ కింద ఒక సిపాయి వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎడమ కనుబొమ్మ మధ్యలో పాత గాటు. చిన్నప్పుడు మెట్ల మీద పడి తెగిన గాటు అది.

మా తరుణ్.

మాకున్నది వాడొక్కడే. అశోక్‌నగర్ సర్కారు కొలువుల కోచింగులు నా వల్ల కాదమ్మా అని ఆర్మీలో చేరాడు. ఎక్కడో సరిహద్దు కొండల మీద ఉన్నాడు. మొన్నటి నుంచి వాడి ఫోన్ కలవడం లేదు.

"వామ్మో! ఏందయ్యా ఇది? కన్నకొడుకును పీనుగును జేస్తివా? నీకు చేతులెట్ల వచ్చినయి?"

ఈయన అప్పుడే చూసినట్టు తెల్లబోయాడు. "కావాలని వెయ్యలే అంబికా. పొద్దుమాపు వాడే మతిల తిరుగుతుండు. కుంచె పడితే వాడే వస్తుండు."

"తుడువు ముందు! తుడువు!"

టర్పెంటైన్ గుడ్డతో తుడిచి వేరే మొహం మొదలుపెట్టాడు. గడ్డం పెట్టాడు, ముక్కు వంకర చేశాడు. అయ్యేసరికి గడ్డం పెంచిన తరుణ్ అక్కడ పడి ఉన్నాడు. మళ్ళీ తుడిచి ముసలివాణ్ణి వేశాడు. ముసలివాడైతే మా తరుణ్ ఎలా ఉంటాడో అలాగే వచ్చాడు. మళ్ళీ ఫోన్ చేశాను, కలవలేదు.

"ఆడ ఒక బండరాయి వెయ్యరాదయ్యా!"

"రాయేస్తే కింద వాడే ఉంటడు కదనే," అన్నాడు మెల్లగా. "ఎదురుంగ ఎవరన్న కూసుంటే తప్ప వాడు నా చేతిలకెల్లి పోడు."

"ఎవరో ఎందుకు? నన్ను వెయ్యి. మీసం పెడితే ఎవడు గుర్తుపడతడు?"

కొంగు నడుముకు చెక్కి బొమ్మ ముందు నేల మీద వెల్లకిలా పడుకున్నాను. నోరు కొంచెం తెరిచి కళ్ళు మూసుకున్నాను. నేల చల్లగా ఉంది. ఎంతసేపటికీ కుంచె చప్పుడు వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఈయన కుంచె ఎత్తిపట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"వెయ్యవేం?"

"నిన్ను నేను వెయ్య."

"వట్టి రంగే అంటివి కదా!"

ఈయన మొహం తిప్పుకున్నాడు. అప్పుడు భయమేసింది నాకు, అసలైన భయం. ఇన్నాళ్ళూ నాది పిచ్చి అని ఈయన తిడుతుంటే, పిచ్చే అయ్యుంటుందిలే అని ఎక్కడో ఒక ధైర్యం ఉండేది. ఈయన కూడా నమ్ముతున్నాడు. పీరయ్య పోయిన నాటి నుంచీ నమ్ముతూనే ఉన్నాడేమో.

"లే అంబికా," అన్నాడు. "గోడకున్న అద్దం తే."

ఎందుకో నాకు తెలిసింది. తెలియక కాదు. వద్దని చెయ్యి పట్టుకోవాలి, ఏడవాలి, అద్దం నేలకేసి కొట్టాలి. ఏ భార్య అయినా అదే చేస్తుంది. చిన్న మాటకే అంతెత్తున ఎగిరిపడే దాన్ని, నోరు మెదపకుండా లేచి వెళ్ళి అద్దం తెచ్చాను.

"జర కిందికి పట్టు," అన్నాడు. కిందికి పట్టాను.

అందులోకి చూస్తూ, ఆగి ఆగి వేసుకున్నాడు. నెరిసిన మీసం, బుగ్గ మీది పుట్టుమచ్చ, ఆఖరున మూసిన కళ్ళు. నా చేతులు వణకలేదు. తరుణ్ చల్లగా ఉండాలి, తరుణ్ చల్లగా ఉండాలి అని లోపల మొక్కుతూనే ఉన్నాను. ఈయన పేరు ఒక్కసారైనా నా మొక్కులోకి రాలేదు.